పార్కింగ్ కింద దొరికిన రాజు: మూడో రిచర్డ్ మంచోడా, చెడ్డోడా?

సోర్‌గట్టు_సాయి
అందరికీ నమస్తే. నేను లెస్టర్‌ల మాస్టర్స్ చేస్తున్న. పోయిన వారం మా పెదనాన్న వస్తే ఊరు తిప్పి చూపించిన. ఇక్కడ చూపెట్టాలంటే ముందుగాల ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ సమాధే. కేథడ్రల్‌ల సమాధి చూసినం. ఎదురుంగనే మ్యూజియం. ఎముకలు దొరికిన గుంట మీద అద్దం పరిచిన్రు, దాని మీద నిలబడి కిందికి చూడొచ్చు. 2012 దాకా అది కౌన్సిల్ ఆఫీసోళ్ళ పార్కింగ్. కింద రాజు, పైన కార్లు.

నేను ఎంతో ఉషారుగ డీఎన్‌ఏ, వెన్నుపూస, యుద్ధం అన్నీ చెప్పిన. పెదనాన్న అంతా విని ఒక్కటే అడిగిండు: "గివన్నీ సరే బిడ్డా, అన్న కొడుకులను సంపిండంటరు, మళ్ల గింత మంచి సమాధి గట్టిన్రు. ఇంతకీ గీయన మంచోడా, చెడ్డోడా?"

నా దగ్గర జవాబు లేకుండె. మీ దగ్గర ఉన్నదా?

చిట్టినాయుడు
క్రూసేడ్లకి వెళ్ళిన సింహహృదయుడు ఈయనేగా? ఆయన హీరో కదండీ.

సోర్‌గట్టు_సాయి
ఆయన మొదటి రిచర్డ్ అన్నా, 1199లనే పోయిండు. ఈయన పుట్టింది 1452, రాజైంది 1483 జూన్‌ల, పోయింది 1485 ఆగస్టు 22న బాస్‌వర్త్ యుద్ధంల. రెండేండ్ల రెండు నెలలు రాజ్యం. చనిపోయేనాటికి 32 ఏండ్లు. యుద్ధంల చనిపోయిన ఆఖరి ఇంగ్లండ్ రాజు.

తెనాలి_రంగస్థలం
సాయీ, మీ పెదనాన్నగారికి నా నమస్కారం చెప్పు. నలభై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, రాత్రిళ్ళు పద్యనాటకాలాడినవాణ్ణి నేను. విలన్ వేషం ఎలా కడతారో తెలుసు. ప్రేక్షకుడు కూర్చున్న చోటు నుంచే వీడు దుర్మార్గుడని పోల్చుకోవాలి. అందుకని ఒంట్లో ఏదో ఒక వంకర పెడతాం. మంథరకు గూని, శకునికి కుంటి. మూలంలో ఉందా లేదా అని ఎవరూ అడగరు. చప్పట్లు పడితే అదే మూలమైపోతుంది.

షేక్‌స్పియర్ 1590ల్లో చేసిందీ అదే. పెద్ద గూని, ఎండిపోయిన చెయ్యి, కుంటి నడక. ఆయన పోషకురాలైన రాణి తాతగారేమో బాస్‌వర్త్‌లో రిచర్డ్‌ని ఓడించి గద్దెనెక్కిన ఏడో హెన్రీ. ఆ నాటకంలో రిచర్డ్‌ని మంచివాడిగా చూపించమంటే ఎవడు చూపిస్తాడు?

అయితే నటుడిగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ వేషం దొరికితే వదులుకునేవాడు లేడు. దుర్యోధనుడి పద్యాలకు వన్స్‌మోర్‌లు పడ్డట్టు ధర్మరాజు పద్యాలకు ఎక్కడైనా పడ్డాయా?

ఎముకల_డాక్టర్
గుంటూరులో ఆర్థోపెడిక్ సర్జన్ని. ఈ అస్థిపంజరం మీద లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపర్లు నేను శ్రద్ధగా చదివిన కొద్ది విషయాల్లో ఒకటి కాబట్టి మాస్టారి మాటకు కొంచెం చేర్పు.

గూని వేరు, పక్కవంపు వేరు. గూనిలో వెన్ను ముందుకు వంగుతుంది, మనిషి నేల చూస్తూ నడుస్తాడు. రిచర్డ్‌కున్నది స్కోలియోసిస్. వెన్ను పక్కకు వంగి, మెలితిరుగుతుంది. కోణం 65 నుంచి 85 డిగ్రీల మధ్య ఉండి ఉంటుందని లెక్కకట్టారు. మా ఓపీలో అలాంటి ఎక్స్‌రే కనిపిస్తే ఆపరేషన్ సంగతి మాట్లాడతాం. అంటే చిన్న వంపేం కాదు. కానీ పుట్టుకతో వచ్చింది కాదు, పదేళ్ళు దాటాక ఎదిగే వయసులో వచ్చింది. కుడి భుజం కాస్త ఎత్తుగా ఉండేది. చేతులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. తుంటి కీళ్ళు బాగున్నాయి కాబట్టి కుంటే అవకాశం లేదు. వంపు లేకపోతే ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. చొక్కా మంచి దర్జీ కుడితే పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు.

ఇంకో తమాషా. విండ్సర్ రాజకుటుంబ సేకరణలో ఉన్న ఆయన చిత్రపటాన్ని ఎక్స్‌రే తీస్తే, భుజాన్ని తర్వాత ఎవరో దిద్ది ఇంకా పైకి లేపినట్టు తేలింది. పేషెంట్ పోయాక రిపోర్టు మార్చారన్నమాట.

వకీలు_హన్మకొండ
డాక్టర్ సాబ్, బాగా చెప్పిన్రు. కానీ ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది, ఈ కేసులో అందరూ చేసే పొరపాటే. గూని అబద్ధమని తేలింది, కాబట్టి హత్య కూడా అబద్ధమే అంటారు. సాక్షి ఒక విషయంలో అతిశయోక్తి చెప్పాడని మొత్తం కేసు కొట్టెయ్యరు.

వాస్తవాలు పెడతా. 1483 ఏప్రిల్‌లో అన్న నాలుగో ఎడ్వర్డ్ పోయాడు. కొడుకు ఐదో ఎడ్వర్డ్‌కు పన్నెండేళ్ళు, రెండోవాడికి తొమ్మిది. పినతండ్రి రిచర్డ్ సంరక్షకుడు. జూన్ 13న అన్నకు ఆప్తుడైన లార్డ్ హేస్టింగ్స్‌ను విచారణ లేకుండా తల నరికించాడు. అదే నెలాఖరుకు పిల్లల మేనమామ రివర్స్‌ను పాంటిఫ్రాక్ట్‌లో నరికించారు. మా అన్న పెళ్ళే చెల్లదు, అంతకుముందే ఇంకొకామెకు మాటిచ్చాడు, కాబట్టి ఈ పిల్లలు వారసులు కారు అన్నారు. జూలై 6న పట్టాభిషేకం. పిల్లలు లండన్ టవర్ అనే కోటలో. ఆ ఎండాకాలం తర్వాత వాళ్ళను చూసినవాళ్ళు లేరు.

ఇదంతా ట్యూడర్ల, అంటే తర్వాత గద్దెనెక్కిన ఏడో హెన్రీ వంశంవాళ్ళ, ప్రచారం అంటారేమో. డొమినిక్ మాన్చినీ అనే ఇటలీవాడు అప్పుడు లండన్‌లోనే ఉన్నాడు. పట్టాభిషేకం అయ్యీ కాకముందే వెళ్ళిపోయి ఆ ఏడాదిలోనే రాసిపెట్టాడు. పిల్లలు కిటికీల దగ్గర కనిపించడం రోజురోజుకూ తగ్గిపోయిందనీ, చంపేశారన్న అనుమానం అప్పుడే ఉందనీ, ఎలా పోయారో మాత్రం తనకు తెలియదనీ రాశాడు. అప్పటికి ట్యూడర్లు గద్దె మీద లేరు. ఆ రాతప్రతి 1934లో గానీ ఫ్రాన్స్‌లోని లిల్ గ్రంథాలయంలో బయటపడలేదు.

పిల్లలు ఎవరి కస్టడీలో ఉన్నారు? జవాబు చెప్పాల్సింది ఆయనే. చెప్పలేదు.

సోర్‌గట్టు_సాయి
వకీల్ సాబ్ వచ్చిండంటే ఇగ అయిపాయె 😀

తవ్వోడు
ఆర్కియాలజీ చదివి కొన్నాళ్ళు ట్రెంచుల్లో మట్టి మోసినవాణ్ణి. తవ్వకం సంగతి నన్ను చెప్పనివ్వండి, జనం దీన్ని గుప్తనిధి కథలా చెప్పుకుంటుంటే ఒళ్ళు మండుతుంది.

రిచర్డ్ శవాన్ని లెస్టర్‌లో గ్రేఫ్రయర్స్ అనే సన్యాసుల మఠంలో, చర్చి ముందుభాగంలో పాతిపెట్టారని పాత రాతల్లోనే ఉంది. పదేళ్ళ తర్వాత ఏడో హెన్రీయే పది పౌండ్ల చిల్లర ఇచ్చి పైన సమాధి కట్టించాడు. ఎనిమిదో హెన్రీ కాలంలో మఠం కూల్చేశారు. 1612లో ఆ స్థలం ఒక మాజీ మేయర్ తోట, అందులో ఇక్కడ రాజున్నాడని చెప్పే రాతిస్తంభం ఒకటి నిలబడి ఉండేది. తర్వాత అదీ పోయింది. ఎముకల్ని సోర్ నదిలో పారేశారని పుకారొకటి మిగిలింది.

ఫిలిప్పా లాంగ్లీ అనే ఆవిడ ఏళ్ళ తరబడి వెంటపడి, రిచర్డ్ అభిమానుల దగ్గర చందాలు కూడా పోగుచేసి తవ్వకానికి దారి తీసింది. తవ్వింది లెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు, రిచర్డ్ బక్లీ నాయకత్వంలో. అసలు లక్ష్యం మఠం గోడలు ఎక్కడున్నాయో చూడటం. రాజు దొరుకుతాడని బక్లీకి ఆశ లేదు. 2012 ఆగస్టు 25న మొదటి ట్రెంచి తెరిచిన రోజే కాళ్ళ ఎముకలు తగిలాయి. అవి ఎవరివో, చర్చిలో ఏ భాగంలో ఉన్నామో తెలియక మళ్ళీ కప్పేసి గోడల కోసం వెతుక్కుంటూ పోయారు. చర్చి ముందుభాగం అదేనని తేలాక వెనక్కొచ్చి సెప్టెంబర్ మొదట్లో బయటికి తీశారు. పనంటే ఇదీ. దొరికినదాన్ని కప్పేసి వెళ్ళగలగాలి.

గుంట మనిషికంటే పొట్టిగా తవ్వారు. తల గోడకానుకుని పైకి లేచి ఉంది. పెట్టె లేదు, చుట్టిన బట్ట ఆనవాలూ లేదు. చేతులు కట్టేసి ఉండొచ్చు. పాదాలు మాత్రం లేవు, విక్టోరియా కాలంలో కట్టిన ఏదో గోడ పునాది తవ్వుతూ తీసేసి ఉంటారు. ఇంకో జానెడు ఇటు తవ్వుంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

ఎముకల_డాక్టర్
గాయాల సంగతి నేను చెప్తా. చనిపోయే సమయంలో తగిలినవి పదకొండు, అందులో తొమ్మిది తలకే. చంపినవి పుర్రె అడుగున ఉన్న రెండు పెద్ద గాయాలు. అంటే అప్పటికి శిరస్త్రాణం లేదు, తల వంగి ఉంది. కటి ఎముకకు ఒక పోటుంది, కవచం ఉంటే అక్కడ తగలదు. చచ్చాక బట్టలూడదీసి గుర్రం మీద అడ్డంగా వేసుకుపోతుంటే ఎవడో వెనకనుంచి పొడిచాడు. గుర్రం మీద వేసుకుపోయారని పాత రాతల్లో ఉన్నదే. ఎముక దానికి సాక్ష్యమిచ్చింది.

పొట్ట భాగం మట్టిలో ఏలికపాముల గుడ్లు దొరికాయి. రాజైనా నట్టల మందు లేని రోజులు.

చిట్టినాయుడు
అన్నం తింటూ చదువుతున్నానండీ.

తవ్వోడు
😂 సారీ బ్రో. తిండి సంగతే ఇంకోటుంది. కార్బన్ డేటింగ్ మొదటిసారి చేస్తే 1485 కంటే ముందటి కాలం చూపించింది. చేపలు బాగా తినేవాళ్ళ ఎముక అసలు వయసుకంటే పాతదిగా కనిపిస్తుంది, సముద్రంలో కార్బన్ పాతది కాబట్టి. ఆ లెక్క సరిచేస్తే అంకె సరిగ్గా కూర్చుంది. రాజయ్యాక తిండి మారిందని కూడా ఎముకల్లో తెలిసింది. మంచినీటి చేపలు, వేట పక్షులు, ద్రాక్షసారా అన్నీ పెరిగాయి.

డీఎన్‌ఏ విషయం: ఆయన అక్క ఆన్ వంశంలో తల్లి వైపునుంచి వచ్చిన ఇద్దరితో సరిపోయింది. అందులో ఒకాయన, మైకేల్ ఇబ్సన్, లండన్‌లో వడ్రంగి పని చేస్తాడు. రాజు శవపేటిక ఓక్ కర్రతో చేసింది కూడా ఆయనే. తండ్రి వైపు మాత్రం సరిపోలేదు. వంశవృక్షంలో ఎక్కడో ఒక కొమ్మ పక్కింటి చెట్టుదన్నమాట. ఎక్కడన్నది తేలలేదు.

తెనాలి_రంగస్థలం
రాజుల ఇళ్ళలోనూ ఇంతేనా! మా వీధిలో అయితే నాలుగిళ్ళ అవతలికి కూడా పొక్కనివ్వరు.

మోడరేటర్
వంశవృక్షం జోకులు ఇక చాలు. విషయం మీద ఉండండి.

ఆలాపన
ఆలస్యంగా వచ్చాను. నేను యార్క్ దగ్గర ఉంటాను. చిన్నప్పుడు విజయవాడలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక ఊరి క్వయర్‌లో, అంటే గాయక బృందంలో, ఆల్టో (కింది స్థాయి ఆడగొంతు) పాడుతున్నాను. అందరూ ఎముకల గురించే మాట్లాడుతున్నారు, నేను రిచర్డ్‌ని చూసింది పాటలో. కొంచెం పొడుగవుతుంది, భరించండి.

1484 మే నెలలో నికొలాస్ ఫాన్ పోప్లావ్ అనే మధ్య ఐరోపా సైలీషియా యోధుడు దేశాలు తిరుగుతూ ఉత్తర ఇంగ్లండ్‌లో రిచర్డ్ కొలువుకొచ్చాడు. మనిషి ఎలా ఉంటాడో రాసిపెట్టాడు. నాకంటే మూడువేళ్ళు ఎత్తు, సన్నగా ఉంటాడు, చేతులూ కాళ్ళూ సుకుమారంగా ఉంటాయి అని. గూని ఊసే లేదు. రాజు ప్రార్థనలో విన్న సంగీతాన్ని మాత్రం నోరారా పొగిడాడు. ఐరోపా కొలువులు చూసినవాడు. ఇంగ్లండ్ వాళ్ళు పొగిడితే భయమనుకోవచ్చు, ఇతనికి ఆ అవసరం లేదు.

ఆ నెల సంగతి గమనించండి. అంతకు కొద్ది వారాల ముందే రిచర్డ్‌కు భార్య వల్ల పుట్టిన ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు.

అదే ఏడు సెప్టెంబర్ 16న రిచర్డ్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. తన ప్రార్థనామందిర గాయకుడు జాన్ మెలియోనెక్‌కు అధికారమిచ్చి, దేశంలో ఏ కేథడ్రల్లో, ఏ మఠంలో, ఏ కాలేజీలో మంచి గాయకులు కనిపించినా, పెద్దలైనా పిల్లలైనా, రాజు పేరున తీసుకురమ్మన్నాడు. విండ్సర్‌లోని రాజ కాలేజీ ఒక్కదానికే మినహాయింపు. రాజ్యం చేజారుతోంది, వారసుడు పోయాడు, సముద్రం అవతల హెన్రీ ట్యూడర్ కాచుకుని కూర్చున్నాడు. ఈయన గొంతులు వెతుకుతున్నాడు.

రాజు కాకముందే మిడిల్‌హామ్‌లో 1478లో కాలేజీ పెట్టి పురోహితులతో పాటు పాడే పిల్లల్ని కూడా నియమించాడు. రాజయ్యాక యార్క్ మినిస్టర్ అనే పెద్ద చర్చిలో వందమంది పురోహితులతో ఒక పెద్ద ఏర్పాటు మొదలుపెట్టాడు. చనిపోయినవాళ్ళ ఆత్మల కోసం నిత్యం ప్రార్థనలు పాడటానికి.

తెనాలి_రంగస్థలం
అమ్మా, అంటే వందమందితో రోజూ తద్దినమన్నమాట.

ఆలాపన
దాదాపు అంతే మాస్టారూ. మనకు ఏడాదికోసారి, వాళ్ళకు రోజూ, అదీ పాటతో. ఆ పాట ఎలా ఉండేదంటే, మన కీర్తనలా ఒకే గొంతు రాగాన్ని విప్పుకుంటూ పోదు. నాలుగైదు గొంతులు నాలుగైదు దారుల్లో బయల్దేరి, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయి ఒకచోట కలుస్తాయి. పైన పిల్లల గొంతు తేలుతుంటుంది. మొదటిసారి పాడినప్పుడు నాకు శ్రుతి ఎక్కడుందో తెలియలేదు, పక్కావిడ చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

రిచర్డ్ విన్న పాటల్లో మిగిలినవి చాలా తక్కువ. మతసంస్కరణల్లో పుస్తకాలు చింపేశారు, కాల్చేశారు. 1500 ప్రాంతంలో రాసిన ఈటన్ క్వయర్ పుస్తకం దక్కింది. 93 రచనలుండేవి, 64 మిగిలాయి, వాటిలో కొన్ని అసంపూర్ణం. రిచర్డ్ దగ్గర పిల్లలకు పాట నేర్పిన గిల్బర్ట్ బానెస్టర్ కట్టిన ఒక రచన అందులో ఉంది. అది విన్నాక ఈయన నాకు నాటకంలో మనిషిలా కనిపించడం మానేశాడు.

వకీలు_హన్మకొండ
మేడమ్, చాలా అందంగా రాసిన్రు. కానీ ఒకసారి ఆ ఉత్తర్వు మళ్ళీ చదవండి. రాజు మనిషి ఊరూరా తిరిగి బాగా పాడే పిల్లల్ని పట్టుకుపోతాడు. తల్లిదండ్రుల్ని అడగలేదు, చర్చిని అడగలేదు. పాడే పిల్లల వయసు ఎంతుంటుంది? ఎనిమిది, తొమ్మిది, పన్నెండు. అంతకు ఏడాది ముందు టవర్లో మాయమైన ఇద్దరి వయసూ అంతే. దీన్ని మీరు ఆయన మంచితనానికి సాక్ష్యంగా పెడుతున్నరు. నేనైతే ప్రాసిక్యూషన్ సాక్ష్యంగా పెడతా.

ఆలాపన
వకీల్ గారూ, ఈ పోస్టు చదివి నిన్న రాత్రి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నాకు తట్టలేదు, నిజం.

అయితే ఆ పద్ధతి ఈయన పెట్టింది కాదు. ఐదో హెన్రీ 1420లోనే అలాంటి ఉత్తర్వు ఇచ్చాడు, ట్యూడర్లు తర్వాత కొనసాగించారు. తీసుకొచ్చిన పిల్లలకు తిండీ బట్టా చదువూ రాజే చూసేవాడు. పేద ఇంటి పిల్లాడికి అది అదృష్టం కూడా కావచ్చు. ఆ తల్లికి కాకపోవచ్చు.

సంగీతం నచ్చినవాడు హంతకుడు కాలేడని నేనననండీ. పోప్లావ్, మెలియోనెక్ కాగితాల్లో రిచర్డ్‌ని ఎవరూ తిట్టడంలేదు, ఎవరూ సమర్థించడమూ లేదు, అందుకే అవి నాకిష్టం. మిగతా చోటల్లా ఆయన బోనులో నిలబడే కనిపిస్తాడు.

వకీలు_హన్మకొండ
ఒప్పుకుంటున్న. సరే, డిఫెన్స్ వైపు నుంచి కూడా ఒకటి నేనే ఇస్తా, లాయర్‌గా దాచుకోలేను. 1484 జనవరిలో ఆయన పెట్టిన ఒకే ఒక్క పార్లమెంటులో చేసిన చట్టాలు చూడండి. అనుమానం మీద పట్టుకున్నవాడికి బెయిల్ ఇవ్వొచ్చు. నేరం రుజువయ్యేదాకా వాడి ఆస్తి జప్తు చెయ్యొద్దు. కానుకల పేరుతో రాజు బలవంతంగా డబ్బు గుంజడం రద్దు. విదేశీ వ్యాపారుల మీద ఆంక్షలు పెడుతూనే, పుస్తకాలు అచ్చేసేవాళ్ళకు, అమ్మేవాళ్ళకు మాత్రం మినహాయింపు. గూనివాడిగా నాటకాలెక్కిన మనిషి మా వృత్తికి బెయిల్ కాగితం పెట్టిపోయిండు.

కానీ హేస్టింగ్స్‌కు ఆ బెయిల్ ఏదీ? ఏడాది తిరిగేసరికి అప్పుల పేరుతో మళ్ళీ బలవంతపు వసూళ్ళు.

తవ్వోడు
వకీల్ సాబ్, పిల్లల సంగతి ఎముకలతో తేల్చే అవకాశం ఒకటుంది. 1674లో టవర్లో మెట్ల కింద ఇద్దరు పిల్లల ఎముకలు దొరికాయి. రెండో చార్లెస్ వాటిని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పాలరాతి పాత్రలో పెట్టించాడు. 1933లో ఒకసారి తెరిచి చూశారు, డీఎన్‌ఏ పరీక్షలు లేని కాలం. రిచర్డ్ డీఎన్‌ఏ మన చేతిలో ఉన్నా ఆ పాత్ర ఇంకా మూసే ఉంది.

2023లో లాంగ్లీ బృందం లిల్ నగరపు దస్తావేజుల్లో 1487 డిసెంబర్ నాటి రసీదొకటి చూపించింది, ఎడ్వర్డ్ రాజు కొడుకు తరఫున ఆయుధాలు కొన్నట్టు. పిల్లలు బతికే ఉన్నారని ఆవిడ వాదన. సింహాసనానికి దొంగ వారసుల్ని నిలబెట్టినవాళ్ళు రసీదులో అసలు రాకుమారుడి పేరే రాయిస్తారు కదా అని మిగతా చరిత్రకారులు. మరోవైపు 1516 నాటి ఒక వీలునామాలో చిన్న రాజు ఐదో ఎడ్వర్డ్ మెడగొలుసు ప్రస్తావన బయటపడింది. ఆ వీలునామా రాసినావిడ ఎవరో తెలుసా? పిల్లల్ని చంపించాడని థామస్ మోర్ రాసిన జేమ్స్ టిరెల్‌కు బంధువు.

వకీలు_హన్మకొండ
గొలుసు! ఇది చాలా రోజులు నిద్రపట్టనియ్యదు.

సోర్‌గట్టు_సాయి
ఆలాపనక్కా, 2015ల ఇక్కడ మళ్ళీ సమాధి చేసినప్పుడు ఏం పాడిన్రో తెలుసా? అప్పుడు నేను ఇంటర్‌ల ఉంటి.

ఆలాపన
తెలుసు తమ్ముడూ, అదే నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. 1483 తర్వాత రాజుగా ఈయన చేసిన పనుల్లో ఒకటి పాత రాజు ఆరో హెన్రీ శవాన్ని చెర్ట్‌సీ మఠం నుంచి తీసి విండ్సర్‌లో మళ్ళీ పాతిపెట్టడం. అంతకుముందు 1476లో వాళ్ళ నాన్న ఎముకల్ని పాంటిఫ్రాక్ట్ నుంచి తాను పుట్టిన ఫాదరింగేకు తీసుకొచ్చారు. వారం రోజుల ఊరేగింపు, దారిపొడుగునా ప్రార్థనలు, పాటలు. శవం వెంట పెద్దకర్తగా నడిచింది ఇరవై మూడేళ్ళ రిచర్డే. మళ్ళీ పాతిపెట్టడమనే తంతు ఆయనకు కొత్త కాదు.

2015లో లెస్టర్ కేథడ్రల్ వాళ్ళకు అదే సమస్య. పాతిన రాజును మళ్ళీ పాతేటప్పుడు ఏం చదవాలి, ఏం పాడాలి? అలెగ్జాండ్రా బకుల్ అనే సంగీత చరిత్రకారిణికి బ్రిటిష్ లైబ్రరీలో పదిహేనో శతాబ్దపు పునఃఖనన విధి దొరికింది. 1475లో వార్విక్ ఎర్ల్ రిచర్డ్ బోషాంప్‌ను మళ్ళీ పాతిపెట్టినప్పటిది. ఆ ఎర్ల్ ఎవరో కాదు, రిచర్డ్ భార్య ఆన్ నెవిల్‌కు తాతగారు. మార్చి 26న జరిగిన సేవలో ఆ పాత విధిలోని ముక్కలు వాడారు. జూడిత్ బింగ్‌హామ్ కొత్తగా ఒక గీతం కట్టారు.

ఒక్కటే లోటు. ఆయన కేథలిక్‌గా చనిపోయాడు, సేవ ఆంగ్లికన్ చర్చిలో. అందుకే కేథలిక్కులు ఆ వారంలోనే విడిగా పూజ చేశారు. మా యార్క్ వాళ్ళకు ఇంకో బాధ, ఆయన మావాడు అని కోర్టు దాకా వెళ్ళారు. 2014లో ఓడిపోయారు.

సోర్‌గట్టు_సాయి
మావాళ్ళు ఇంకోటి చెప్తరు. రాజును మళ్ళీ సమాధి చేసినప్పుడు లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ టీమ్ పట్టికల అడుగున ఉండె. ఏడాదికల్లా ప్రీమియర్ లీగ్ గెలిచింది. అయిదు వేలకు ఒకటి పందెం. అంతా రాజు దీవెననే అంటరు.

తవ్వోడు
దీనికి కార్బన్ డేటింగ్ చెయ్యలేం 😄

ఎముకల_డాక్టర్
ఒక చిన్న సంగతి. మొన్న ఓపీకి పద్నాలుగేళ్ళ అమ్మాయి వచ్చింది. వంపు యాభై డిగ్రీలు దాటింది. వాళ్ళమ్మ ఏడుస్తోంది, పెళ్ళెలా అని. అమ్మాయి మాట్లాడటం లేదు. ఈ థ్రెడ్ గుర్తొచ్చి రిచర్డ్ వెన్నెముక త్రీడీ బొమ్మ ఫోన్లో చూపించాను. యూనివర్సిటీ వాళ్ళు నెట్‌లో పెట్టారు, వేలితో తిప్పొచ్చు. తిప్పి తిప్పి చూసి ఒకటే అడిగింది, "ఈయన గుర్రం ఎక్కేవాడా?"

ఎక్కేవాడమ్మా, చివరి రోజు కూడా గుర్రం మీదే దూకాడన్నాను. అచ్చం అలాంటి వంపే ఉన్న ఒక కుర్రాడికి కవచం తొడిగి, పాతకాలపు జీను మీద కూర్చోబెట్టి పరీక్షించారు కూడా. వెనక ఎత్తుగా ఉండే ఆ జీను నడుముకు ఆసరా ఇచ్చింది. ఆయన మంచివాడా అని ఆ పిల్ల అడగలేదు.

తెనాలి_రంగస్థలం
డాక్టరుగారూ, ఇకమీదట ఏ విలన్‌కీ గూని పెట్టను. మంథరకు తప్ప. ఆవిడది వాల్మీకి బాధ్యత.

సోర్‌గట్టు_సాయి
ఆదివారం పొద్దుగూకినంక కేథడ్రల్‌కు ఒక్కన్నే పోయిన, సాయంత్రం ప్రార్థనకు. మనకు ఏం అర్థమైతదని వెనక కూసున్న. ముందు వరుసల పిల్లలు తెల్లటి పై అంగీలు తొడుక్కొని పాడుతున్నరు. ఒక చిన్నోడు పుస్తకం తలకిందులుగ పట్టుకుంటే పక్కనున్న పెద్దోడు చూడకుండనే చెయ్యి చాపి తిప్పి పెట్టిండు. పాట ఆగలే. వాళ్ళ వెనక కొంచెం దూరంల రాజు సమాధి రాయి, దాని మీద లోతుగ చెక్కిన సిలువ.

బయటికొచ్చినంక పెదనాన్నకు వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ పెట్టిన, వకీల్ సాబ్ చెప్పింది, ఆలాపనక్క చెప్పింది రెండూ కలిపి. ఏడు నిమిషాలు. నీలం టిక్కులు పడ్డయి. జవాబు ఇంక రాలే.

చిట్టినాయుడు
లెస్టర్ వస్తే ఆ మ్యూజియం దగ్గర కారెక్కడ పెట్టాలండీ?